నీ జేబులో రుమాలు ఉన్నదా?

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 19:8-12

మెట్రోలోనో ఆఫీసు క్యాబులోనో కూర్చుని వింటున్న యౌవనస్థులకు, రాత్రి షిఫ్టు ముగించుకొని నిద్రమత్తులో ఇంటికి వెళ్తూ వింటున్నవారికి, పొయ్యి దగ్గర నిలబడి ఒక చెవి ఇటు పెట్టిన తల్లులకు, పడకమీదనుండి వింటున్న పెద్దలకు ప్రభువు కృప తోడైయుండును గాక.

జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినము. 1973 నుండి ఈ దినమును ఆచరిస్తున్నారు. మన సంఘాలలో కూడా ఈ వారం చాలామంది మొక్కలు నాటుతారు. నాటండి, మంచిదే. నాటినదానికి జూలైలో నీళ్లు పోసేవారెవరో కూడా ఇప్పుడే మాట్లాడుకుంటే ఇంకా మంచిది. నేను ఈ ఉదయం మొక్కను గురించి మాట్లాడబోవడం లేదు. జేబురుమాలును గురించి మాట్లాడాలనుకుంటున్నాను. నవ్వకండి. మృగశిర కార్తె వస్తున్నది, చినుకులు మొదలవుతాయి, బయట తడి, లోపల ఏసీ, ఇంటికొకరు తుమ్ముతుంటారు. మాట్లాడుకోవడానికి ఇదే తగిన సమయం.

పరిశుద్ధ గ్రంథములో జేబురుమాలు ఉన్నదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. క్రొత్త నిబంధనలో నాలుగు చోట్ల ఉన్నది. గ్రీకు మూలములో ఆ నాలుగు చోట్లా ఒకటే మాట, సూదారియొన్. లాటిను భాషలో చెమటకు ఉన్న మాటనుండి అది పుట్టింది. అంటే చెమట తుడుచుకొనే గుడ్డ. మన తెలుగు బైబిలులో మూడు చోట్ల రుమాలు అని ఉన్నది, ఒకచోట చేతిగుడ్డలు అని ఉన్నది. అందుచేత ఇవి నాలుగూ ఒకే వస్తువని చదివేవారికి తోచదు.

మొదటిది లూకా 19వ అధ్యాయము. ఒక గొప్ప వంశపువాడు దూరదేశమునకు వెళ్తూ తన దాసులకు మినాలు ఇచ్చాడు. అందులో ఒకడు తన మినాను రుమాలులో కట్టి దాచిపెట్టాడు. ఇక్కడ ఒక చమత్కారము ఉన్నదని వ్యాఖ్యాతలు చెప్తారు. చెమట తుడుచుకొనే గుడ్డ అది. వాడు కష్టపడలేదు గనుక చెమట పట్టలేదు. పట్టలేదు గనుక గుడ్డ ఖాళీగా ఉన్నది, డబ్బు మూట కట్టడానికి పనికివచ్చింది. రెండవది యోహాను 11వ అధ్యాయము, బేతనియలో లాజరు. నాలుగు దినములు సమాధిలో ఉన్నవాడు బయటికి వచ్చాడు, ముఖానికి రుమాలు కట్టి ఉన్నది. జీవమిచ్చినది ప్రభువు. ఆ కట్లు విప్పమని మాత్రం అక్కడ నిలబడినవారికి చెప్పాడు. ఈ మాట మనసులో పెట్టుకోండి, మరల వద్దాము. మూడవది యోహాను 20వ అధ్యాయము, ఖాళీ సమాధి. నార బట్టలు ఒకచోట, తల రుమాలు వేరుగా చుట్టిపెట్టి ఇంకొకచోట. దీని గురించి ఒక కథ మీ ఫోనుకు వచ్చే ఉంటుంది. యజమాని భోజనము మధ్యలో లేచి రుమాలు మడిచి పెడితే తిరిగి వస్తానని అర్థమనీ, అది యూదుల ఆచారమనీ చెప్పే కథ. వినడానికి బాగుంటుంది, ఆధారము మాత్రం లేదు. దయచేసి దానిని ఇంకొకరికి పంపకండి. అంతకంటె నాలుగవ శతాబ్దపు ప్రసంగీకుడు ఖ్రిసొస్తొము చెప్పినది గట్టిగా ఉన్నది. శవమును ఎత్తుకొనిపోయే దొంగలు తల రుమాలును విప్పి, చుట్టి, పక్కన పెట్టేంత తీరిక తీసుకుంటారా అని ఆయన అడిగాడు.

నాలుగవది మన వాక్యభాగము. ఎఫెసులో పౌలు శరీరమునకు తగిలిన చేతిగుడ్డలను, నడికట్లను రోగుల యొద్దకు తీసుకొనిపోయినప్పుడు రోగములు వారిని విడిచిపోయాయని లూకా వ్రాశాడు. నడికట్టు అంటే పనిచేసేటప్పుడు నడుముకు కట్టుకొనే గుడ్డ. పౌలు డేరాలు కుట్టేవాడు అని 18వ అధ్యాయములో చదువుతాము. పగలు తురన్ను పాఠశాలలో బోధించేవాడు. కొన్ని ప్రాచీన వ్రాతప్రతులలో సమయము కూడా ఉన్నది, మన లెక్కలో పగలు 11 గంటలనుండి సాయంకాలము 4 గంటలవరకు. అంటే ఊరంతా ఎండకు భయపడి విశ్రాంతి తీసుకొనే వేళ ఆయన బోధించాడు, మిగతా వేళ చేతులతో పనిచేశాడు. తన అవసరాలకూ తనతోకూడ ఉన్నవారికీ ఈ చేతులే కష్టపడ్డాయని 20వ అధ్యాయములో ఆ ఎఫెసు పెద్దలకే చేతులు చూపించి చెప్పాడు. కాబట్టి ఆ గుడ్డలు ఎవరో పట్టుబట్టలో చుట్టి తెచ్చిన పవిత్ర వస్తువులు కావు. ఒక కూలిమనిషి చెమట గుడ్డలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ప్రార్థన చేసిన రుమాళ్లని, అభిషేకించిన రుమాళ్లని డబ్బు తీసుకొని ఇచ్చేవారు మన మధ్య బయలుదేరారు. పౌలు రుమాలుకు ధర కట్టలేదు. అద్భుతము చేసినవాడు దేవుడని 11వ వచనము స్పష్టముగా చెప్తుంది. కొత్త గుడ్డ కొని, దానిమీద ఒక్క చెమటచుక్క పడకముందే అమ్మేవాడికీ పౌలుకూ ఏమి సంబంధమున్నదో మీరే ఆలోచించండి.

సరే, మన ఊరికి వద్దాము. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పటికి ఆ చుట్టుపక్కల గుట్టలు, బండరాళ్లు. ఈ రోజు మాదాపూర్ మొదలుకొని రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వరకు అద్దాల భవనాలే. 2019లో మెట్రో రైలు కూడా హైటెక్ సిటీకి, ఆ తరువాత రాయదుర్గానికి వచ్చింది. తెలుగు దేశపు ప్రతి జిల్లానుండీ పిల్లలు వచ్చి ఇక్కడ పనిచేస్తున్నారు. వారి జీతముతో ఊళ్లలో అప్పులు తీరాయి, చెల్లెళ్ల పెండ్లిండ్లు జరిగాయి, ఎన్నో దేవాలయాలకు పైకప్పులు పడ్డాయి. నేను ఆ భవనాలకు విరోధముగా మాట్లాడడానికి రాలేదు.

ఆ భవనాలలో చేతులు కడుక్కొనే చోట గోడకు ఒక పెట్టె ఉంటుంది. లాగితే కాగితము వస్తుంది. ఒకటి లాగితే రెండు వస్తాయి. భోజనశాలలో బల్లమీద ఇంకొక పెట్టె, కారులో ఒకటి, ఇంటికి తెప్పించుకున్న బిర్యానీ సంచిలో అడగకుండానే గుప్పెడు. ఒక లెక్క వేద్దాము. ఇది ఎవరో చేసిన సర్వే కాదు, వేళ్లమీద లెక్క. ఒక ఉద్యోగి రోజుకు నాలుగుసార్లు చేతులు కడుక్కొని ప్రతిసారీ రెండు కాగితాలు వాడితే ఎనిమిది. భోజనము దగ్గర, టీ దగ్గర కలిపి నాలుగు. మొత్తము 12. నెలకు 22 పనిదినాలు, 264. సంవత్సరానికి 3,168. ఒక భవనములో అట్టివారు వెయ్యిమంది ఉంటే 31 లక్షల 68 వేలు. మీ లెక్క వేరుగా ఉంటే సరిచేసుకోండి. సున్నాలు ఎన్ని తగ్గుతాయో చూడండి.

ఈ కాగితము ఒకసారి వాడిన తరువాత మరల కాగితము కాదు. పాత వార్తాపత్రికను కొనే మనిషి ఉన్నాడు, అట్టపెట్టెను కొనే మనిషి ఉన్నాడు. వాడిన టిష్యూను కొనేవాడు లేడు. దాని నార పొట్టిది, పైగా తడిసి, మురికై ఉంటుంది. పొడిచెత్త డబ్బాలో వేస్తే పక్కనున్న మంచి కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. తడిచెత్తతో కలిసి గుట్టక్రింద కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది. తయారీలో కూడా గుజ్జు చేయడానికి, తెలుపు చేయడానికి నీళ్లు, రసాయనాలు కావాలి, పెద్ద పెద్ద వేడి డ్రమ్ముల మీద ఆరబెట్టడానికి ఇంధనము కావాలి. ఇంత పని జరిగి మన చేతికి వచ్చినది మన దగ్గర ఉండేది మూడు నాలుగు సెకండ్లు. ఇక తడిగా, వాసన వేసి అమ్మే తుడుపు కాగితాలున్నాయే, వాటిలో చాలావాటిలో ప్లాస్టిక్ నార ఉంటుంది. అవి కాగితమని మనము అనుకుంటాము గాని మురుగు కాలువకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇది మన తాతలనాటి అలవాటు కూడా కాదు. క్లీనెక్స్ అనే పేరుతో మెత్తని కాగితాన్ని అమెరికాలో మొదట 1924లో అమ్మారు. అదీ ముక్కు తుడుచుకోవడానికి కాదు, స్త్రీలు ముఖానికి రాసుకొన్న క్రీము తుడుచుకోవడానికి. దానితో ముక్కు చీదుకుంటున్నామని కొన్నవారే కంపెనీకి చెప్పారు. అప్పటినుండి రుమాలుకు బదులు వాడండని ప్రకటనలు మొదలైనవి. అంటే నూరేండ్ల అలవాటు. మన దగ్గరైతే ఇంకా చిన్నది.

మనకు అంతకుముందు ఏమున్నది? తెలంగాణలో దస్తీ అంటారు, ఫారసీలో దస్త్ అంటే చెయ్యి. రుమాలు కూడా ఫారసీ మాటే, ముఖము తుడిచేది అని అర్థము. కోస్తాలో కర్చీఫ్ అన్నా, పల్లెలో తుండుగుడ్డ అన్నా, కండువా అన్నా, ప్రతి మనిషి మీద ఒక గుడ్డ ఉండేది. ఆర్టీసీ బస్సు ఆగకముందే కిటికీలోనుండి దస్తీ వేసి సీటు ఆపుకున్నవారు ఇప్పుడు ఈ మాట వింటూ నవ్వుకుంటున్నారు, నాకు తెలుసు. బడిలో చేరిన పిల్లవానికి చొక్కామీద పిన్నీసుతో రుమాలు గుచ్చి పంపిన తల్లులూ వింటున్నారు. దస్తీబిస్తీ ఆడిన చెల్లెళ్లూ ఉన్నారు. మన అమ్మమ్మలకైతే రుమాలే అవసరము లేదు. చీర చెంగే రుమాలు, చెంగే సంచి, చెంగుకే ఆదివారపు కానుక ముడి.

అంతేకాదు, రుమాలుకు మన నేల పేరుపొందినది. చీరాలలోను, పూర్వపు నల్లగొండ జిల్లా పుట్టపాకలోను నేసిన తేలియా రుమాలు సముద్రము దాటి అరబ్బు దేశాలకు పోయేది. నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోను దినాల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, అప్పుడు రంగులద్ది నేస్తారు. ఆ నూనెవల్లనే ఆ పేరు, ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని దానికి గిరాకీ. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుట్టపాకనుండి హైటెక్ సిటీకి ఒక పూట ప్రయాణము కూడా లేదు. లోకానికి రుమాళ్లు నేసిచ్చిన ప్రజలము, మన మూతి మనము కాగితముతో తుడుచుకుంటున్నాము.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. మా సంఘములో ఒక సహోదరి ఉన్నది. పాలమూరు వైపునుండి పనికోసం వచ్చిన కుటుంబము. గచ్చిబౌలి వైపు ఒక పెద్ద భవనములో హౌస్‌కీపింగ్ పని. గృహ దర్శనానికి వెళ్లినప్పుడు పనిమాటలు వచ్చాయి. ఫిర్యాదుగా కాదు, మామూలుగానే చెప్పింది. "అయ్యగారూ, కంప్యూటర్ల కాడ డబ్బాలు మంచిగనే ఉంటయి. చేతులు కడుక్కునే కాడనే కష్టం. డబ్బ నిండి కిందపడ్తయి. తడితడి. ఎవరు చేతులు తుడుసుకున్నరో, ఎవరు ముక్కు చీదిండ్రో నాకేం తెల్సు? గ్లౌజు చినిగిపోతే ఉత్తచేత్తోనే ఎత్తుత. ఎత్తకపోతే సారు అంటడు."

ఆ మాట నన్ను చాలా దినాలు విడిచిపెట్టలేదు. ఎందుకంటే అదే భవనములో, ఏడవ అంతస్తులో, మా సంఘపు యౌవనస్థుడే ఒకడు పనిచేస్తాడు. మంచి పిల్లవాడు, సండేస్కూలులో పాఠము చెప్తాడు. వారిద్దరికీ ఈ సంగతి తెలియదు. ఒకరోజు లిఫ్టు దగ్గర ఆమె బకెట్టుతో, ఇతను మెడలో ఐడీ కార్డుతో ఎదురుపడ్డారు. అప్పుడు తెలిసింది. ఆదివారము ఇద్దరూ ప్రభువు బల్ల దగ్గర ఒకే వరుసలో మోకరిస్తారు. సోమవారము ఇతను ముఖము తుడుచుకొని పడేసినది ఆమె చేతికి వస్తుంది. ఇతను దుర్మార్గుడు కాడు. డబ్బాలో వేసినది డబ్బాలోనే మాయమౌతుందని అనుకున్నాడు. మనలో చాలామందిమి అలాగే అనుకుంటాము.

మాయము కాదు. అక్కడినుండి నల్లసంచిలోకి, ఆటోలోకి, లారీలోకి, నగరానికి అవతలి చివర జవహర్‌నగర్‌కు పోతుంది. ప్రతి మలుపులోను ఒక మనిషి చెయ్యి ఉంటుంది. ఆ చేతులు ఎవరివి? మన సంఘ చరిత్ర తెలిసినవారు తలదించుకొని వినాలి. 1876-78 కరవు తరువాత, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారని మనము గొప్పగా చెప్పుకుంటాము. వారిలో ఎక్కువమంది ఎవరు? ఊరి మురికి ఎత్తే పని, చచ్చిన పశువును మోసే పని ఊరు ఎవరి తలపై వేసిందో వారే. నీవు తాకదగినవాడవు అని సువార్త వారికి చెప్పింది. ఈ రోజు నగరపు చెత్త ఎత్తేవారిలోను మన విశ్వాస కుటుంబాలు చాలా ఉన్నాయి. తాతలకు సువార్త చెప్పి, మనుమరాలి చేతిలో మన ముక్కుచీమిడి పెట్టడము, దీనికి ఏ వేదాంతము సరిపోతుంది? శరీరములో బలహీనముగా కనబడే అవయవాలే మరి ఆవశ్యకమని 1 కొరింథీయులకు 12వ అధ్యాయములో పౌలు వ్రాసినప్పుడు ఇటువంటివారిని గురించే వ్రాశాడని నేను నమ్ముతున్నాను.

లాజరు దగ్గరికి ఇప్పుడు రండి. నాలుగు దినాల శవపు ముఖముమీది గుడ్డ విప్పడము ఎవరికి ఇష్టము? ప్రభువు ఆ పని చేతకాక చెప్పలేదు. ప్రేమించినవారి చేతులు ఆ గుడ్డను తాకాలని కోరాడు. మురికి గుడ్డ ముట్టుకోవడము ప్రేమించేవారి పని. మన మురికికి మనము ముఖము తిప్పుకొని, జీతము తక్కువ ఉన్నవారిని పిలిచి ఎత్తమనడము వేరు.

మీలో కొందరికి అభ్యంతరాలున్నాయి. మొదటిది డాక్టర్లది, దానిని గౌరవముగా వినాలి. రుమాలు పరిశుభ్రమా? చీదిన గుడ్డను జేబులో పెట్టుకొని అదే గుడ్డతో మరల చెయ్యి తుడుచుకుంటే క్రిములు చేతికి వస్తాయి, ఇది నిజమే. కాబట్టి జాగ్రత్త లేనివారు రుమాలు వాడకపోవడమే మేలు. రెండు రుమాళ్లు పెట్టుకోండి. ఒకటి కడిగిన చేతులకు, చెమటకు. ఇంకొకటి తుమ్ముకు, దగ్గుకు, ముక్కుకు. రెండూ ఒకే జేబులో కలవకూడదు. వాడిన దానిని చిన్న గుడ్డసంచిలో వేసి ఇంటికి తెచ్చి, సబ్బుతో వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరవేయండి. ప్రతిదినము మార్చండి. ఒకరి రుమాలు ఇంకొకరు వాడకూడదు, భార్యాభర్తలైనా సరే. ఫ్లూ జ్వరము ఉన్నవారు, క్షయ మందులు వాడుతున్నవారు డాక్టరు చెప్పినట్టే చేయండి. టిష్యూ వాడి మూతడబ్బాలో వేయమంటే అలాగే చేసి చేతులు కడుక్కోండి. ఆ విషయములో నా ప్రసంగము పక్కన పెట్టండి. జ్వరముతో ఆఫీసుకు వెళ్లవద్దని కూడా చెప్పాలనే ఉన్నది గాని, సెలవు ఇచ్చేవారు ఈ కార్యక్రమము వింటున్నారో లేదో.

2020 ఏప్రిల్ జ్ఞాపకము చేసుకోండి. లాక్‌డౌనులో మాస్కులు దొరకనప్పుడు ఇంట్లో ఉన్న నూలుగుడ్డతో ముఖము కప్పుకోండి, రోజూ ఉతకండి అని ప్రభుత్వమే చెప్పింది. కుట్టుమిషను ఉన్న తల్లులు పాత చీరలు చింపి ఇంటిల్లిపాదికీ కుట్టారు. ఉతికి, ఎండబెట్టి, మరల కట్టుకోవడము అప్పుడు మనకు చేతనయింది.

రెండవ అభ్యంతరము తెలివైనది. ఉతకడానికి నీళ్లు కావా, పత్తికి పురుగుమందు పోయరా? పోస్తారు. పత్తి అంటే ఏమిటో వరంగల్ రైతుకు వేరే చెప్పనవసరము లేదు. 1997-98లో పురుగు తిని, అప్పులు పెరిగి, ఎందరు రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారో మనము మరచిపోలేము. అందుకే నేను చెప్పేది, ఈ ప్రసంగము విని అరడజను కొత్త రుమాళ్లు కొనకండి. ఇంట్లో చిరిగిన నూలుచీర, నాన్నగారి పాత పంచె, వాడి మెత్తబడిన దిండు గలీబు ఉంటాయి. జానెడున్నర చదరముగా కత్తిరించి అంచులు మడిచి కుట్టండి. పాతగుడ్డే నీటిని బాగా పీలుస్తుంది. పాలియెస్టర్ గుడ్డ పనికిరాదు, అది చెమటను అటునుండి ఇటు తోస్తుంది అంతే. ఇంట్లో ఉతికే బట్టలతో కలిపి వేస్తే రెండు చిన్న గుడ్డలకు ప్రత్యేకముగా ఎన్ని నీళ్లు కావాలి?

పాతగుడ్డ విలువ తెలిసినవాడు ఒకడు యిర్మీయా గ్రంథములో ఉన్నాడు. 38వ అధ్యాయము. ప్రవక్తను బురద గోతిలో దించారు. కూషీయుడైన ఎబెద్మెలెకు అతన్ని పైకి లాగడానికి ముప్పదిమందిని తీసుకొని వెళ్లాడు. తాళ్లు సరిపోతాయి గదా? అతను ముందు రాజు ఖజానా క్రింది గదికి పోయి చిరిగిన, పాతగిల్లిన బట్టలు ఏరి తెచ్చి గోతిలోకి దించాడు. తాళ్లు కోయకుండా చంకల క్రింద పెట్టుకోమన్నాడు. అంత హడావుడిలో ఒక మనిషి చంకల గురించి ఆలోచించాడు, చూడండి. బైబిలులో ఇంత మృదువైన చోట్లు ఎక్కువ లేవు. ఎదుటివాని చర్మము ఎక్కడ ఒరుసుకుంటుందో చూచే కన్ను అతనికున్నది.

ఖమ్మము, భద్రాచలము వైపు శ్రోతలు కొందరు అడుగుతారు, "అయ్యగారూ, మేము జామాయిలు తోట వేసి కాగితపు మిల్లుకే అమ్ముతాము, మా పొట్ట కొడతారా" అని. లేదు తమ్ముడూ. పిల్లల పుస్తకానికి, మందుల డబ్బాకు, ఈ పత్రికకు కాగితము కావాలి. నీ చెట్టు వాటికి పోవాలి. మూడు సెకండ్లకు పోవడము నీ చెట్టుకు కూడా గౌరవము కాదు.

ఒక రుమాలుతో భూగోళము చల్లబడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ అద్దాల భవనాన్ని చల్లగా ఉంచే ఏసీకి, దాని ముందు గంటసేపు ఆగి పొగవదిలే కార్లకు ముందు ఒక గుడ్డముక్క ఎంత? లోకరక్షకుడు ఒక్కడే, ఆయన రుమాలు కాడు. నేను ఆ సహోదరి చేతిని దృష్టిలో పెట్టుకొని మాట్లాడుతున్నాను. నీవు ఈ దినము తీయని 12 కాగితాలు ఆమె వంగి ఎత్తవలసినవి కావు. ఆమె పని పోతుందేమోనని భయము అక్కరలేదు, ఆ భవనములో తుడవవలసినవి ఇంకా చాలా ఉన్నాయి. కాని తడిసిన కాగితము ఉత్తచేత్తో ఎత్తే పని తగ్గుతుంది. రుమాలు తెచ్చుకుంటున్నవాడు ఇంకొకటి కూడా చేయగలడు. ఆమెకు చినగని గ్లౌజులు ఇప్పించమని, డబ్బాలకు కాలితో తెరిచే మూతలు పెట్టించమని ఆ భవనము చూచుకొనే వారికి ఒక ఉత్తరము వ్రాయగలడు. మా సంఘపు యౌవనస్థుడు వ్రాశాడు. మూతలు వచ్చాయి. గ్లౌజుల సంగతి ఇంకా తేలలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రుమాలు పట్టుకొన్న పుణ్యాత్ములు సాయంకాలము దానిని బట్టలబుట్టలో పడేసి, మరునాడు పనిమనిషి చేత ఉతికిస్తే ఏమైంది? హౌస్‌కీపింగ్ చెల్లెలి చేతినుండి పనిమనిషి అక్క చేతికి మారింది, అంతే. ఇంకా చెప్పాలంటే ఎక్కువైంది. కొండాపూర్ అపార్టుమెంటులో అయిదిండ్లలో పనిచేసే ఆ అక్క అయిదిండ్లవారి చీమిడి ఉతకాలా? కాబట్టి నా మాట ఇది. నీ రుమాలు నీవే ఉతుకుకో. స్నానము చేసేటప్పుడు రెండు నిమిషాల పని. భర్త రుమాలు భార్య ఉతకనవసరము లేదు. పన్నెండేండ్లు దాటిన కొడుకు రుమాలు తల్లి ఉతకనవసరము లేదు. పాస్టరుగారి రుమాలు పాస్టరమ్మగారు ఉతకనవసరము లేదు. యోహాను 13వ అధ్యాయములో ప్రభువు తువాలు నడుముకు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగి, ఆ తువాలుతోనే తుడిచాడు. ఆ రాత్రి ఆ తడి తువాలును ఎవరు పిండి ఆరవేశారో వ్రాయబడలేదు. కడిగినవాడు పక్కవానికి విసిరి వెళ్లిపోయాడని మాత్రం నేను అనుకోలేను.

సంఘ పెద్దలకు ఒక చిన్న మనవి. క్రిస్మస్ ప్రేమవిందులో, కోతపండుగలో, వార్షికోత్సవములో కాగితపు టిష్యూల పెట్టెలు తెప్పించే ముందు కమిటీలో ఒకసారి మాట్లాడండి. చేతులు కడుక్కొనే చోట శుభ్రమైన తువాళ్లు పెట్టడము కష్టము, ఒకే తువాలు నలుగురు వాడితే పరిశుభ్రము కాదు. అంతకంటె, విందుకు వచ్చేవారు తమ రుమాలు తామే తెచ్చుకోవాలని ముందు ఆదివారమే ప్రకటన చేస్తే సరిపోతుంది. మరచివచ్చినవారి కొరకు స్త్రీల మైత్రి సహోదరీలు పాతచీరలతో కొన్ని కుట్టి ఉంచవచ్చు. వాటిని అమ్మకండి. అమ్మితే ఎక్కడికి పోతామో ఇందాక చెప్పుకున్నాము. చుడీదారుకు జేబు లేదని ఆడపిల్లలు అంటారు. నిజమే, కుట్టేవారిని అడిగి ఒక జేబు పెట్టించుకోండి, దానికి పెద్ద ఖర్చు కాదు.

రేపు ఉదయము ఫోను, తాళాలు, ఐడీ కార్డు చూచుకొనేటప్పుడు జేబుమీద ఇంకొకసారి చెయ్యి వేసి చూచుకోండి. ప్రార్థించుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఘడియలో నగరములో చెత్త ఎత్తుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. వారి చేతులను గాయములనుండి, రోగములనుండి కాపాడుము. గ్లౌజుల కొరకు అడిగిన ఆ ఉత్తరము చదువువారి మనస్సు తెరువుము. పత్తి చేలలో విత్తనము వేయుటకు వాన కొరకు చూచుచున్న రైతులకు సకాలములో వర్షమిమ్ము. మగ్గము ముందు కూర్చున్న నేతగాండ్రకు తగిన కూలి దయచేయుము. జ్వరముతో పడకమీద ఈ మాటలు వింటున్నవారిని ముట్టి స్వస్థపరచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.